చెప్పుల కాపలా

చర్చి మెట్ల మీద మా ఆయన కూర్చుని ఉన్నాడు, నాలుగేళ్ల కిందట పోయిన మనిషి, మా పెట్రోలు బంకు కొట్టులో కౌంటర్ దగ్గర వేసుకునే గళ్ల చొక్కాతోనే ఉన్నాడు, కాళ్లకు బూట్లు మాత్రం లేవు, నేను ఓటు వేయడానికి వచ్చానని ఆయనకు ముందే తెలిసినట్టుంది, నన్ను చూసి లేవడు, నవ్వడు, కాస్త పక్కకు జరిగి మెట్టు మీద చోటు చూపిస్తాడు. టెక్సస్‌లో మేము కొట్టు నడుపుకున్న ఈ చిన్న ఊళ్లో ఓట్లు ఈ చర్చి హాల్లోనే వేస్తారు. ప్రతి ఎన్నికకూ ఆయన లోపలికి వెళ్లేవాడు, నేను బయట కారులో కూర్చునేదాన్ని. ఈసారి లోపలికి వెళ్లాల్సింది నేను.

దేవుడి ఇల్లు కదా అని మెట్ల కింద చెప్పులు విడుస్తాను.

"ఇక్కడ విడవక్కర్లేదే," అంటాడు. "చూసినోళ్లు నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వు కాస్త చూస్తా ఉండు."

"నేనా? చెప్పులకి కాపలానా?"

"ఏం, ఇన్నేళ్లూ నేను ఉండలా?"

గుడికి వెళ్లినా, ఎవరింటికి వెళ్లినా, ఆయన విడిచిన బూట్లను బయటి వైపు తిప్పి పెట్టడం నా పని, వచ్చీ రాగానే కాళ్లు దూర్చుకుని నడిచిపోయేవాడు, అవి ఎలా తిరిగాయో ఒక్కసారైనా ఆలోచించి ఉండడు. ఇప్పుడు నా చెప్పుల వైపు అనుమానంగా చూస్తాడు, అవేవో కరుస్తాయన్నట్టు.

"ఎవరికేస్తావే?" అంటాడు.

"అది అడగడానికేనా ఇంత దూరం వచ్చింది?"

"మనోళ్లకే వెయ్యి. ఇంటి ముందు మన పార్టీ బోర్డు కూడా పాతినట్టు లేవు ఈసారి."

జవాబు చెబుదామనుకుంటాను, ఈలోగా వరస కదులుతుంది, మెట్లు కదులుతాయి, మేమిద్దరం నడవకుండానే హాల్లోకి వస్తాము, హాలు మా కొట్టే, చల్లటి పానీయాల అద్దాల బీరువాలు గోడంతా వెలుగుతున్నాయి, కిటికీ పక్కన పొద్దున్నే కాఫీకి వచ్చే ముసలి రైతుల బల్ల, బల్ల చుట్టూ టోపీలు ఉన్నాయి గాని టోపీల కింద ముఖాలు లేవు, ఆ రైతుల్లో వాల్టర్ అనే ఆయన ముఖం ఒక్కటే స్పష్టంగా ఉంది. ఆ బల్ల దగ్గర మా ఆయన పిచ్చయ్య కాదు, పీట్. వాషింగ్టన్‌లో కూర్చున్నవాడికి మా ఊరి చెరువు గట్టు సంగతి ఏం తెలుసని అడిగేవాడు, అప్పు చేసి పంచిపెట్టే కేంద్రం మనవళ్ల అన్నం తింటోందనేవాడు, సరిహద్దు గోడ సంగతి వస్తే బల్ల గుద్ది, మేమంతా ఏళ్ల తరబడి వరసలో నిలబడి వచ్చాం, దొంగదారిన దాటొచ్చేవాళ్లకు వరస లేదా అనేవాడు. నేను కాఫీ పోసేదాన్ని. ఒకసారి వాల్టర్ నన్ను చూపించి, మీ ఆవిడేమంటుంది పీట్ అని అడిగాడు. నేనేమంటే అదే అంటుందన్నాడు ఈయన. అందరూ నవ్వారు. నాకప్పుడు ఇంగ్లీషు రాదు, నవ్వు మాత్రం అర్థమైంది, మాటలేమిటో ఇంటికొచ్చాక ఈయనే చెప్పాడు.

"ప్రభుత్వం చిన్నదిగా ఉండాలంటివి," అంటాను కలలో, కాఫీ కూజా చేతిలో పట్టుకునే. "మనిషి ఎట్టా బతకాలో పైనుంచి ఒకడు చెప్పకూడదంటివి. ఇంట్లో మటుకు కేంద్రమూ నువ్వే, రాష్ట్రమూ నువ్వే. కారు నేర్చుకుంటానంటే వద్దు. అక్షరాలు దిద్దుకుంటానంటే ఈ వయసులో ఎందుకు. సిటిజన్‌షిప్‌ అంటే, నా ఓటు ఇద్దరిదీనే అంటివి."

"ఇల్లూ దేశమూ ఒకటేనా?"

"ఇల్లు చిన్నది గదా. చిన్నదాంట్లో చెయ్యలేనోడివి అంత పెద్దదానికి బుద్ధులు చెప్పబోయావు."

ఆయన టోపీల వైపు చూస్తాడు, ఎవరైనా విన్నారేమోనని. ఎవరికీ తెలుగు రాదని గుర్తొచ్చి కాస్త తేరుకుంటాడు.

"మరి చదువు ఎవరు చెప్పారు? ప్రభుత్వం బడా? నా పన్నుల డబ్బులా?"

"తెలుగు ఫోన్లో చూసి దిద్దుకున్నా. ఇంగ్లీషు ఈ చర్చిలో డోరతీ అనే ముసలావిడ చెప్పింది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. పొరపాటు రాస్తే వేళ్ల మీద కొట్టేది కూడా. సిటిజన్‌షిప్ పరీక్షకీ ఆవిడే చదివించింది."

ఆయన ముఖం వెలుగుతుంది. "చూశావా? నేను చెప్పలా? అది ప్రభుత్వం చెయ్యాల్సిన పని కాదు, ఊరు చెయ్యాల్సిన పని. ఊరు చేసింది."

"ఊరు చేసింది. పక్కలో పడుకున్నోడివి నువ్వెందుకు చెయ్యలా?"

అద్దాల బీరువాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి, కిరసనాయిలు వాసన వస్తుంది, మేము మా చిన్న వయసులో ఉన్న ఊళ్లో రేషన్ షాపు ముందు నిలబడి ఉన్నాము, నేను నిండు చూలాలిని, చేతిలో డబ్బా, డీలరు తక్కెడ మీద వేలు ఆనించి బియ్యం తూస్తున్నాడు, అందరికీ ఆ వేలు కనిపిస్తోంది, ఎవరూ మాట్లాడరు, నా వంతు వచ్చేసరికి స్టాకు అయిపోయిందమ్మా అంటాడు. వెనక్కి తిరిగితే వరసలో చివర మా ఆయన ఉన్నాడు, ముసలివాడిగానే, మా ఇంట్లో టీవీని చంకలో పెట్టుకుని, టీవీలో ఇద్దరు, లేనివాళ్లకు తిండికని ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపుల గురించి వాదించుకుంటున్నారు, అది ఆయన పోయిన సాయంత్రం వచ్చిన వాదనే. ఆ సాయంత్రం నేను, రేషన్ షాపులో కూడా, అని మొదలుపెట్టాను. నీకు తెలియదు ఊరుకో అన్నాడు. మంచినీళ్లకని లేచి, వంటింటి గడప దగ్గర పడిపోయాడు. నాతో ఆయన అన్న చివరి మాట ఊరుకో.

"ఆ మాట పూర్తి చేస్తాను, విను," అంటాను.

"వరస కదులుతోందే."

"కదలనీ. ఆకలైనోడికి పెట్టడం తప్పు కాదయ్యా. మా అమ్మ పక్కింటికి గిన్నెడు బియ్యం పోస్తే, తీసుకునేదానికి సిగ్గుండేది, పోసేదానికి రేపు మన గతేమిటోనని భయముండేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ప్రభుత్వానికి మొహం లేదు. వేలు మాత్రం ఉంటుంది, తక్కెడ మీద. అందుకని నాకు దాని మీద నమ్మకం లేదు."

ఆయన టీవీని కింద పెడతాడు. "నేనూ అదేగా అన్నది."

ఒళ్లు మండుతుంది, కలలో కూడా. "కాదు. నువ్వన్నది టీవీవాడన్నది. నాకిది ఈ డబ్బా పట్టుకుని నిలబడితే వచ్చింది. నువ్వు ఆ స్టాంపులతో కొనడానికొచ్చే పిల్లల్ని, వాళ్లు కొట్టు దాటీ దాటగానే సోమరిపోతులని తిట్టేవాడివి. వాళ్ల స్టాంపుల కార్డు గీస్తే గల్లాలో పడింది మటుకు నీకు చేదు కాలేదు."

వరసలో ఎవరో కిసుక్కుమంటారు. డీలరేమో.

ఆయన తన వట్టి పాదాల వైపు చూసుకుంటాడు. "ఆ బల్ల దగ్గర నాకో కుర్చీ దొరికిందే," అంటాడు. "ఈ దేశంలో నా ఇంగ్లీషుకి నవ్వకుండా కూర్చోనిచ్చింది ఆ బల్లొక్కటే. నువ్వు నోరు తెరిస్తే నవ్వుతారనుకున్నా."

"నన్ను చూసా?"

"నన్ను చూసి."

"వాల్టర్ నీ చావుకి వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు," అంటాను. "నెల తిరక్కుండా నీ కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నాడు. నువ్వేమంటావమ్మా అని అడిగాడు. వచ్చిన నాలుగు ముక్కలూ చెప్పా. ఒక్కడూ నవ్వలా."

"నా కుర్చీలోనా?"

ఇంత విన్నాక ఆయనకు నొప్పి పుట్టింది అక్కడ.

రేషన్ షాపు గోడ పలచబడి మళ్లీ చర్చి అవుతుంది, ఎవరో నా పేరు పిలుస్తారు, సీతారావమ్మ అని, ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా. చల్లటి నేల మీద వట్టి కాళ్లతో నడుస్తాను. ఆయన మళ్లీ మెట్ల మీదికి ఎప్పుడు వెళ్లాడో, అక్కడి నుంచి కేకేస్తాడు.

"ఎవరికేస్తావో చెప్పి పోవే."

"నీ వాళ్లకే వేస్తానేమో. వేస్తే పెళ్లాం మాట విన్నదనుకుంటావు, వెయ్యకపోతే మొగుడి మీద కసి అనుకుంటావు. రెంటి మధ్యా నాకంటూ చోటు లేకుండా చేసి పోయావు. ఓటు గుట్టుగా వేసేదంట, మొగుడికి కూడా చెప్పక్కర్లేదంట. డోరతీ చెప్పింది."

"సరేలే. నేనిక్కడే ఉంటా."

"నేనొచ్చేసరికి చెప్పులు తిప్పి పెట్టు."

ఆయన ఊ అంటాడో లేదో వినపడదు. నా ముందు కాగితం ఉంది, దాని మీద అక్షరాలన్నీ నిలబడి ఉన్నాయి, ఒక్కటీ పారిపోవడం లేదు, నేను వేలు పెట్టి చదువుతూ పై నుంచి కిందికి వస్తున్నాను, పెన్ను తీస్తున్నాను.

మెలకువ వచ్చింది. కిటికీలో తెల్లారింది, ఓట్ల రోజు. స్నానం చేసి, చీర కట్టుకుని, గుర్తింపు కార్డు సంచిలో పెట్టుకుని తలుపు దగ్గరికి వచ్చాను. నా చెప్పులు నిన్న సాయంత్రం విడిచినట్టే, గోడ వైపు మొహం పెట్టి ఉన్నాయి. వంగి, నేనే తిప్పుకున్నాను.