అట్టముక్క మీద చుక్క

ఒక చుక్క.

నల్లగా, గుండ్రంగా, చిక్కగా... అట్టముక్క మధ్యలో.

బయట రేకుల చూరు నుంచి మంచు చుక్కలు రాలుతున్నాయి. లోపల షెడ్డులో పాత కారు. దాని ముందు మోకాళ్ల మీద వంగి ఉన్నాడు మెకానిక్. వేలితో ఆ చుక్కను తాకాడు. తాజా నూనె.

నిన్నా ఇంతే. మొన్నా ఇంతే.

కారు కదలక ఏడు నెలలైంది. నడిపే మనిషి పోయి ఏడు నెలలైంది — అతని భార్య. యాభై దాటాక పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకున్న మనిషి, ఒక రాత్రి నిద్రలోనే పోయింది. ఆ మర్నాడే బ్యాటరీ తీగ ఊడదీశాడు. తాళంచెవి మేకుకు తగిలించాడు. అది అక్కడే దుమ్ము పట్టి ఉంది.

నూనె కారేది ఎక్కడి నుంచో అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. ఇంజన్ పైభాగాన క్యామ్‌షాఫ్ట్ అనే ఇనుప కడ్డీ. దాని మెడ చుట్టూ ఒక రబ్బరు సీల్. అది అరిగింది. కానీ ఇంజన్ తిరిగితేనే నూనె అంత పైకి ఎక్కుతుంది. ఎక్కితేనే కారుతుంది. ఆపిన బండి రెండు రోజులు కారి, మూడో రోజు ఊరుకుంటుంది.

ఇది ఊరుకోలేదు.

అంటే రోజూ ఎవరో ఇంజన్ తిప్పుతున్నారు.

ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు. అంటే మతి పోయిందంటారు.

ఆమె రెండేళ్లు చెప్పింది. "ఏమండీ, నూనె వాసన వస్తోంది. ఓసారి చూడండి."

"రేపు చూస్తాలే."

ఎవరి బండి దగ్గినా పరుగెత్తే మనిషే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, సొంతింటి బండి దగ్గరకొచ్చేసరికి మాత్రం రేపు... రేపు... ఆమె పోయింది. రేపు మిగిలింది.

మొదట్లో ఆ చుక్కను చూసి భయపడ్డాడు. తరువాత సిగ్గుపడ్డాడు. ఆ తరువాత — పైకి చెప్పుకోకూడదు గానీ — పొద్దున్నే దాని కోసమే లేవసాగాడు. రోజుకో కొత్త అట్టముక్క. పాతవి పారేయలేదు. బీరువాలో, ఆమె చీరల కింద దాచాడు.

మొన్న కూతురు వచ్చింది.

"నాన్నా, అమ్మ కారు నేను తీసుకెళ్తాను. ఆదివారం వస్తా. ఆ లీకేదో ఆపెయ్యి."

కాదనడానికి నోరు రాలేదు. లీకుతోనే ఇచ్చెయ్యడానికి చేతులు రాలేదు. కారిన నూనె టైమింగ్ బెల్టును నానబెడుతుంది. నానిన బెల్టు ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద తెగుతుంది — స్టీరింగు పట్టుకుని కూతురు ఉండగా.

ఆపాలి.

ఆపితే ఆ చుక్క ఉండదు.

ఆ చుక్క లేకపోతే... ఆమె ఇక ఎందుకొస్తుంది?

శనివారం పొద్దున్నే బెల్టు మీది మూత విప్పాడు. పుల్లీల మీది గుర్తుకు గుర్తు కలిపి బెల్టు తీశాడు. పుల్లీ తీశాడు. పాత సీల్‌కి చిన్న స్క్రూ బిగించి పట్టకారుతో లాగితే, నిట్టూర్చినట్టు బయటికొచ్చింది. సీల్ తగిలిన చోట షాఫ్ట్ మీద సన్నని గాడి. ఇనుమును రబ్బరు కోసింది. ఏళ్ల తరబడి, మెత్తగా, ఒకే చోట.

ఆమె అడిగినట్టే.

ఇదివరకు ఇలాంటి పనికి ఆమే టార్చి పట్టేది. చెప్పకుండానే చేయి ఎటు వెళ్తే వెలుగు అటు వచ్చేది. ఇప్పుడు టార్చిని డబ్బా మీద పెట్టాడు. కొత్త సీల్ అంచుకు నూనె రాశాడు. పాత గాడిలో పడకుండా, వెంట్రుకవాసి ఇవతల కూర్చోవాలి. వంగాడు. చీకటిగా ఉంది, గాడి కనపడలేదు.

వెలుగు జరిగింది.

సరిగ్గా గాడి పక్కకి.

అతను తల తిప్పలేదు. తిప్పితే టార్చి డబ్బా మీదే ఉంటుందేమో — ఉండదేమో. రెండూ భరించలేడు. సాకెట్ గొట్టం ఆనించి సుత్తితో మెల్లగా కొట్టాడు. టక్... టక్... సీల్ కూర్చుంది. తన జన్మలో ఇంత బాగా ఏ సీలూ కూర్చోబెట్టలేదు. కొత్త బెల్టు వేసి, ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పాడు. గుర్తుకు గుర్తు కలిసింది.

"అయిపోయిందే," అన్నాడు.

బ్యాటరీ తీగ మాత్రం తగిలించలేదు. రాత్రికి వచ్చి నడిపి చూసే పని ఆమెకు వదిలేశాడు.

ఆదివారం పొద్దున. మంచు. మోకాళ్లు. అట్టముక్క.

పొడిగా ఉంది.

పని నెగ్గింది. అతనికి ఏడుపొచ్చింది.

ఆమె రాకపోయినా అట్ట పొడిగానే ఉంటుంది. వచ్చి వెళ్లినా పొడిగానే ఉంటుంది. తేల్చుకోవడానికి ఇక ఒక్కటే దారి — బానెట్ మీద చేయి వేయడం. వెచ్చగా ఉంటే వచ్చినట్టు. చల్లగా ఉంటే...

చేయి చాపాడు. బానెట్‌కి బెత్తెడు దూరంలో అది ఆగిపోయింది.

గేటు చప్పుడైంది. కూతురు.

"నాన్నా, లీకు ఆగిందా?"

చేయి వెనక్కి తీసుకున్నాడు.

"రేపు చూస్తాలే."

ఇంకో అట్టముక్క తెచ్చి, కారు కింద, అదే చోట పరిచాడు.

ఎక్కడో ఒక చుక్క పడింది... చూరు నుంచే కాబోలు.