భరణి చెప్పిన మంగోలియా పాఠం

రాయకోట దగ్గర గొర్రెలు కాసుకునే ఆంజప్ప ఏనాడూ బడిమెట్లు ఎక్కలేదు. ఆయన ఒక్కగానొక్క కూతురు భరణి మాత్రం ఊరూరి పిల్లలకు పాఠాలు చెప్పేది. తెలుగు బడుల కోసం చరిత్ర, దేశదేశాల జనజీవనం మీద పాఠాలు తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టే సంస్థ ఒకటి హోసూరులో ఉంది. ఆ పాఠాలకు గొంతు భరణిదే.

మంగోలియా కాపరుల పాఠం చేస్తున్నప్పుడు ఫోన్ పట్టుకుని తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాయనా, గొర్రెల్ని ఎట్ల పిలుస్తావో ఒకతూరి పిలువు. మనోళ్ల కేక గూడా పిల్లోళ్లు వినాల."

ఆంజప్ప సిగ్గుపడుతూనే గొంతెత్తి కేకేశాడు. మేస్తున్న మందంతా ఉరికొచ్చి భరణిని చుట్టేసింది. ఆమె పగలబడి నవ్వింది. ఆ కేకా, ఆ నవ్వూ పాఠంలో అలాగే ఉండిపోయాయి.

నిరుడు వానాకాలంలో భరణికి డెంగీ జ్వరం వచ్చింది. కృష్ణగిరి ఆసుపత్రిలోకి నడిచి వెళ్లిన పిల్ల ప్రాణాలతో తిరిగి రాలేదు.

అప్పటినుంచి మంద దొడ్డికి చేరగానే ఆంజప్ప, భార్య కాళమ్మ ఫోన్‌లో ఆ పాఠం పెట్టుకుని కూర్చునేవాళ్లు. మంగోలియా ఎక్కడుందో వాళ్లకు అక్కర్లేదు. బిడ్డ మాట్లాడుతుంది, నవ్వుతుంది. అది చాలు.

ఒక సాయంత్రం పాఠంలో వేరే గొంతు వినిపించింది. ఆంజప్ప కేక అలాగే ఉంది, దాని వెనక నవ్వు లేదు. కాళమ్మ బిత్తరపోయింది. "ఇది మన పాప కాదే!"

తెల్లవారగానే ఆంజప్ప హోసూరు బస్సెక్కాడు. భరణి పక్కన కూర్చుని పనిచేసిన రంజిత ఆయన్ని చూడగానే లేచి నిలబడింది.

"పాఠాలన్నీ కొత్తగా చేసినారప్పా. ఇప్పుడు కంప్యూటరే చదువుతుంది."

"నా కేక ఉండాది గదమ్మా. నా బిడ్డ గొంతు యాడ పోయింది?"

రంజిత మధ్యాహ్నం దాకా వెతికింది. ఎవరెవరికో ఫోన్ చేసింది. చివరికి తల ఎత్తలేకపోయింది.

"పాతవి తీసేసినారప్పా. ఎవురి దగ్గరా లేదు. నేనన్నా ఒకటి దాచిపెట్టుకోలేదు."

ఆ పిల్ల వెక్కివెక్కి ఏడుస్తుంటే ఆంజప్పే ఊరడించాడు. "నువ్వేం చేస్తావులేమ్మా."

ఇంటికి వచ్చేసరికి కాళమ్మ గడపలోనే కూర్చుని ఉంది. ఆయన ముఖం చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. ఆయన కూర్చున్నాక మెల్లగా అంది.

"నీకు నోటికి వస్తాది గదా. పాప ఎట్ల చెప్తా ఉండెనో అట్లే చెప్పు."

ఆంజప్ప గొంతు సవరించుకున్నాడు. "బిడ్డలారా, ఈ పొద్దు మనం శానా దూరం పోదాం. ఆడ గూడా మనట్ల గొర్రెలు కాసేవాళ్లు ఉండారు..."

ఒక్క మాట తప్పకుండా చెప్పుకుంటూ వచ్చాడు. కేక వేయాల్సిన చోట ఆగిపోయాడు. ఆ కేక తర్వాత నవ్వాల్సింది భరణి. కాళమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.