గాలి లేని అధ్యాయం

గాజు బల్ల కింద ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. పైన పరిచిన కాడ్ చేప ముక్కలో గోధుమరంగు పురుగొకటి చుట్ట చుట్టుకుని కనబడింది. వెర్నా చిన్న పట్టకారుతో దాని కొస పట్టుకుని లాగింది. అది సగానికి తెగి, మిగిలిన సగం మాంసంలోకి ముడుచుకుంది. "ఛీ, నీ బతుకు చెడ!" అని గొణుక్కుంటూ కత్తిమొనతో ఆ మాంసం కూడా కోసి తొట్టిలో పడేసింది. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఈ ఫ్యాక్టరీలో ఆమె ఇన్నేళ్ళూ చేసిన పని ఇదే. జనం తినే చేపలో పురుగు కనబడకుండా చూడటం. తను మాత్రం కాడ్ నోట పెట్టి ఎరగదు.

పక్క బల్ల దగ్గర మ్యూరియల్ రబ్బరు ఆప్రాన్ బిగించుకుంటూ పలకరించింది.

"ఏమే, మీ ఓడ ఎక్కడిదాకా వచ్చింది?"

"ఎక్కడికొస్తుంది నా మొహం! అక్కడే ఏడుస్తోంది. గాలి లేదు."

"పోయిన వారం కూడా గాలి లేదన్నావ్!"

"లేదంటే లేదు. నన్నేం చెయ్యమంటావ్, నోటితో ఊదమంటావా?"

మ్యూరియల్ నవ్వబోయి ఆపుకుంది. సంగతి ఆమెకు తెలుసు. రేవులో సగం మందికి తెలుసు.

వెర్నా తమ్ముడు గార్నెట్ బతుకంతా వలల పడవల మీద గడిపి, ఊపిరితిత్తులు పాడై, చివరికి అక్క ఇంటి ముందుగదిలో, ఆక్సిజన్ యంత్రం పక్కన మంచానపడ్డాడు. చర్చి వాళ్ళు పాత సామాన్లు అమ్ముతుంటే ఒక అట్టపెట్టె తెప్పించుకున్నాడు. దాన్నిండా తెరచాపల కాలపు యుద్ధనౌకల నవలలు. ఒకే కెప్టెన్ కథ, పద్దెనిమిది సంపుటాలు. గార్నెట్‌కు చూపు ఆనదు కాబట్టి చదివి వినిపించాల్సింది వెర్నాయే. మొదట్లో ఆముదం తాగినట్టు ముక్కు మూసుకుని గబగబా చదివి పారేసింది. ఏముంది వాటిలో? పురుగులు పట్టిన బిస్కెట్లు, కుళ్ళిన ఉప్పు మాంసం, రంపంతో కోసిన కాళ్ళు. పగలంతా పురుగులు ఏరి వచ్చిన మనిషి సాయంత్రం కూర్చుని మళ్ళీ పురుగుల గురించే చదవాలి.

అలాంటిది, ఈ వసంతంలో డాక్టరు గుమ్మం దగ్గర ఆగి, పెదవి విరిచి వెళ్ళిపోయాక, గార్నెట్ నవ్వుతూ అన్నాడు. "ఆ కెప్టెన్ ఇల్లు చేరేదాకా నేనెక్కడికీ పోన్లే అక్కా." మాటవరసకే అన్నాడు. వెర్నా ఆ మాటను ఉడుంపట్టు పట్టింది. ఆ రోజు నుంచి చదువు నత్తనడక అయింది. రోజుకు ఒక అధ్యాయం, తర్వాత సగం, తర్వాత రెండు పేజీలు. ఆఖరి సంపుటంలో, గాలి పడిపోయి ఓడ నడిసముద్రంలో నిలిచిపోయే అధ్యాయం రాగానే, ఆమె అక్కడే ఆగిపోయింది. చదివిందే మళ్ళీ చదువుతోంది. రోతపుట్టే ఆ పుస్తకం ఎక్కడ అయిపోతుందోనని ఇప్పుడు ఆమెకు బెంగ.

సాయంత్రం ఇల్లు చేరి చేతులకు నిమ్మచెక్క రుద్దుకుంది. కంపు పోలేదు. ఎప్పుడు పోయింది గనక! తమ్ముడు ఉమ్మిన డబ్బా మొహం పక్కకు తిప్పుకుని కడిగింది. పొద్దున వేయించి పెట్టిన చేప వడలూ రొట్టే పళ్ళెంలో పెట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది.

"అక్కా! రొట్టె!"

చూసుకుంటే రొట్టె బోర్లా ఉంది. గబుక్కున తిప్పింది. ఆ తీరంలో పడవ అడుగున చేపలు నింపే గది మూత తిరగేసి పెట్టరు. ఇంట్లో రొట్టె బోర్లా పెట్టరు. పెడితే ఎక్కడో ఒక ఓడ మునుగుతుందని వాళ్ళ నమ్మకం. గార్నెట్ ఆ పట్టింపు పుస్తకాలకు కూడా తగిలించాడు. ఒకసారి ఫోన్ మోగితే వెర్నా పుస్తకం తెరిచి బోర్లా పెట్టి వెళ్ళింది. ఆ పూటంతా అతను ఆమెతో మాట్లాడలేదు.

అతను వడ కొరికి పక్కన పెట్టేశాడు. వెర్నా కుర్చీ లాక్కుని చదవటం మొదలుపెట్టింది. తెరచాపలు వేలాడుతున్నాయి. నావికులు బిస్కెట్లను బల్లకేసి కొట్టి పురుగులు రాలుస్తున్నారు.

"ఈ బిస్కెట్లు నిన్న తిన్నారు," అన్నాడు గార్నెట్ కళ్ళు మూసుకునే. "మొన్నా తిన్నారు."

"నోర్ముయ్. నీకేం గుర్తుంది?"

"నాకు పోయింది ఊపిరక్కా, బుర్ర కాదు." దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆమె డబ్బా పట్టుకుని నిలబడింది. "గాలి లేకుండా పడుండటమంత రోత ఇంకోటి లేదే. నీళ్ళు కంపు. మనుషులు కంపు. ఎవడి ఒళ్ళు వాడికే అసహ్యం. ఇంక చాలు. గాలి రానీ."

వెర్నాకు ఒళ్ళు మండింది. నీకోసం కాదుట్రా ఈ పాడు పురుగులన్నీ నేను నమిలింది, అని అరవాలనిపించింది. అరవలేదు. పేజీ తిప్పింది.

గాలి వచ్చింది. ఓడ కదిలింది. కంబళి కింద గార్నెట్ కాలివేళ్ళు ఆడాయి. ఆమె చదువుతూ పోయింది. తీరం కనబడింది, తర్వాత దీపస్తంభం. అక్కడ ఆమె పేజీలో వేలు పెట్టి ఆగింది.

"మిగతాది రేపు."

"ఎన్ని పేజీలున్నాయేంటి?"

"చాలానే ఉన్నాయి."

అతను చెయ్యి చాచి, మిగిలిన ఆకుల మందం బొటనవేలితో తడిమి చూశాడు. నవ్వాడు.

"సరే, టీ పెట్టు. డబ్బాపాలు కాస్త ఎక్కువ పొయ్యి. పుస్తకం ఇక్కడుంచి వెళ్ళు."

గుర్తుగా ఎర్ర ఊలుదారం పెట్టి, పుస్తకం మూసి, అట్టబొమ్మ పైకి ఉండేలా కంబళి మీద ఉంచింది.

వంటింటి కిటికీలో ఇంకా ఎండ ఉంది. రేపు ఒక్క పేజీ చదవాలి, ఎల్లుండి అరపేజీ, అనుకుంది. అదీ అయిపోతే? మొదటి సంపుటం నుంచి మళ్ళీ మొదలుపెడితే సరి! ఛీ, ఆ కుళ్ళు మాంసం, ఆ రంపాలు, ఆ పురుగులన్నీ మళ్ళీనా! అయినా సరే, చదువుతుంది. ఆ ఆలోచనకు ఆమె మనసు తేలికపడింది. పాలు మరో చెంచా ఎక్కువే పోసింది.

తిరిగి వచ్చేసరికి ఆక్సిజన్ యంత్రం బుస్సుమంటూనే ఉంది. గార్నెట్ ఛాతీ కదలటం లేదు. ఎర్ర దారం అతని వేలికి చుట్టి ఉంది.

"పాడు వెధవా," అంది వెర్నా. "ఒరే పాడు వెధవా, నాకో మాట చెప్పద్దుట్రా!"

కప్పు కిటికీ అరుగు మీద పెట్టింది. అలవాటుకొద్దీ ఆమె చెయ్యి పుస్తకాన్ని వెల్లకిలా తిప్పబోయి, ఆగిపోయింది. జారిపడితే అలా పడదు. కంబళి మీద, ఆఖరి పేజీ దగ్గర తెరిచి, చక్కగా సర్ది, బోర్లా పెట్టి ఉంది.