లస్మవ్వ కట్టిన వడ్ల కుచ్చు

నా భార్య లస్మవ్వ కట్టినట్టు పిచ్చుకలకు వడ్ల కుచ్చు కట్టేవాళ్ళు జమ్మికుంట చుట్టుపక్కల పది ఊళ్ళలో లేరు. మొగుణ్ణి కాబట్టి గొప్పలు చెబుతున్నాననుకుంటారేమో. మొగుణ్ణి కాబట్టే కాస్త తగ్గించి చెబుతున్నాను.

కంకులు పూర్తిగా ఎండకముందే, మంచు తడి ఆరకముందే, జానెడు కాడ ఉంచి కోస్తుంది. ఎండినవైతే అల్లుతుండగానే గింజ రాలుతుంది. ముల్లున్న వడ్లు ముట్టదు, పిచ్చుకల నోట్లో గుచ్చుకుంటాయట. చిట్టిముత్యాల వడ్లే కావాలి. అంత చిన్న ముక్కుకు అంత చిన్న గింజే సరి అని ఆమె లెక్క.

ఆ పనితనమంతా పన్నెండేళ్ళు దొర ఉండే గడీకే పోయింది. కోతలు కాగానే కబురు వచ్చేది. ఈమె వెళ్ళి కుచ్చు అల్లి, గడీ దర్వాజకు వేలాడదీసి వచ్చేది. మా ఇంటికి మాత్రం ఒక్కసారీ కట్టలేదు. మేము దున్నేది దొర పొలం, పరాయి పంటతో మన చూరుకు కుచ్చేమిటి అనేది.

యాభై మూడులో కౌలుదారు చట్టం కింద ఆ రెండెకరాలు మా పేర పట్టా అయ్యాయి. మొదటి పంట కోసినప్పుడు లస్మవ్వ గడీకి వెళ్ళి, ఈసారి మా ఇంటికే కట్టుకుంటానని దొరసాని ఇందిరాదేవికి చెప్పింది. ఆమె కోప్పడలేదు, నవ్వింది.

“కట్టుకో లస్మీ, ఏమాయె. పిట్టలు మాత్రం ఎప్పటి గడపకే వస్తయి. ఎవల వడ్లో వాటికి ఎరికే.”

ఆ మాట లస్మవ్వ కంటే ముందే మా వాడకు చేరింది. ఇక అది పిచ్చుకల సంగతి కాకుండా పోయింది. అవి వచ్చి వాలితే పొలం మాది, రాకపోతే కాగితం మీదే మాది అన్నట్టు ఊరంతా మా చూరుకేసి చూడసాగింది.

అన్ని కళ్ళు పడుతుంటే ఊరుకుంటామా? దిష్టి తగలకుండా నేనే ఒక మసికుండ తెచ్చి, సున్నంతో ఇంతింత కళ్ళు, కోరపళ్ళు దిద్దాను. బొమ్మ బాగా కుదిరింది కూడా. దానికి పాత చెప్పు, నల్ల గొంగడి ముక్క కట్టి కుచ్చు పక్కనే వేలాడదీశాం.

పిచ్చుకలు రాలేదు. గుమ్మంలో మనుషుల తిరుగుడు ఎక్కువని లస్మవ్వ కుచ్చును చూరు చివరకు మార్చింది. అక్కడ గోడ మీది నుంచి పిల్లికి అందుతుందని, మళ్ళీ రేగుచెట్టు పక్కన పందిరి గుంజకు కట్టింది. పిచ్చుకకు తిండి కంటే ముందు దాక్కునే చోటు కావాలంటుంది. నిజమే, అంతకంటే మంచి చోటు లేదు. మార్చిన ప్రతిసారీ మసికుండనూ వెంట మార్చాం. అవి రేగుచెట్టు దాకా వచ్చేవి, ఇటు చూసేవి, గడీ వైపు ఎగిరిపోయేవి.

పక్కింటి భూమవ్వ వచ్చి, గడీకి కూడా ఓ కుచ్చు కట్టి దొరసానిని మంచి చేసుకొమ్మని చెప్పిపోయింది. ఆ పూట లస్మవ్వ అన్నం ముట్టలేదు.

పంట కాపలాకు పొలంలో పాతిన కుండతల దిష్టిబొమ్మను ఆరో రోజు పీక్కొద్దామని వెళ్ళాను. కట్టె పీకి, బొమ్మను భుజాన వేసుకుని గట్టు ఎక్కి వెనక్కి తిరిగానో లేదో, పిచ్చుకల గుంపు దిగి రాలిన గింజల మీద పడింది. పంట ఉన్నన్నాళ్ళూ అటువైపు రాని పిట్టలు. భుజం మీది కుండకేసి చూశాను. అవే సున్నపు కళ్ళు, అవే కోరపళ్ళు. దాన్ని దిద్దిందీ నేనే. ఒక్కణ్ణే నిలబడి నవ్వుకున్నాను, సిగ్గు కూడా వేసింది.

ఇంటికొచ్చి చెప్పాను. “చేన్ల పిట్టలను ఎల్లగొట్టే బొమ్మనే ఇంట్ల పెట్టినం. గిది మనుషుల దిష్టికని వాటికేమెరుక?”

ఆమె నవ్వలేదు. కుండ తీసేస్తే కుచ్చు అందరి కళ్ళకూ ఎదురుగా ఉంటుంది. మొదటి పంట. అయినా గుంజ దగ్గరికి వెళ్ళి కుండ తాడు తెంపింది.

“చూడనీ. దొంగతనం చేసినమా, దాసుకునేటందుకు?” అన్నది.

మరునాడు పొద్దున ఒక పోతు పిచ్చుక రేగుకొమ్మ మీద వాలింది. మెడ అటు ఇటు తిప్పింది. ఎగిరొచ్చి కంకి పట్టుకుని తలకిందులుగా వేలాడింది. పది నిమిషాలకు ఎనిమిదయ్యాయి. వాటి అరుపులకు వాడంతా వచ్చి నిలబడింది. లస్మవ్వ చూసీ చూడనట్టు వాకిలి ఊడుస్తోంది, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది.

నాలుగు రోజులకు గింజన్నది లేకుండా పోయింది. గడీలో అయితే కంకి బోసిపోగానే కొత్తది కట్టించేవారు. నేనూ కంకులు తెచ్చి, పాతది విప్పబోయాను. లస్మవ్వ నా చెయ్యి పట్టుకుంది.

“విప్పకు. నిండు కుచ్చు ఎవలైనా కడుతరు. గింజ లేకుంటెనే తెలుస్తది, తిన్నయని.”

ఆ ఉత్త గడ్డి మళ్ళీ పంట దాకా అలాగే వేలాడింది. దారిన పోయేవాళ్ళు ఇదేమిటని అడిగితే, ఆమె నోరు తెరవకముందే నేను చెప్పేవాణ్ణి, మా పొలం వడ్లని.