లోపల వదిలిన గుడ్డ

ఆ రోజు రగడ చక్కెర డబ్బా మూత దగ్గర మొదలైంది.

"మళ్లీ బిగించేశారా? రెండు చేతులతో తిప్పినా రావట్లేదు. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అంది టైలరమ్మ.

"వదులుగా పెడితే చీమలు పట్టవూ?" అన్నాడు మొగుడు, పేపరు దించకుండానే.

"చీమల మీదున్న ధ్యాసలో పావు వంతు నా వేళ్ల మీద ఉంటే బాగుండు."

"పోనీలే, నీకు చక్కెర తగ్గితే మంచిదేగా," అని నవ్వాడాయన.

పక్క కుర్చీలోంచి అత్తగారు అందుకుంది. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మనింట్లో కొండ పెరుగుతోందిరా అబ్బాయ్!"

టైలరమ్మ డబ్బా అక్కడే పెట్టేసి దుకాణానికి బయలుదేరింది. మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్లాలి. ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

కీళ్లవాతం వచ్చి నాలుగేళ్లు. తన ఒళ్లే తన కీళ్ల మీద పగబట్టే రకం. అసలు మందు పనిచేసేదాకా వేసుకోమని మొదటి డాక్టరు ఒక చిన్న తెల్ల మాత్ర రాశాడు, ఆరు వారాలకి. అది వేసుకుంటే వేళ్లు మాట వినేవి; పొద్దున్న ఆరున్నరకల్లా బల్ల మీద వంట ఉండేది. ఆరు వారాలు గడిచాక మొగుడు ఆ పాత చీటీనే మందుల షాపుకి మోసుకెళ్లడం మొదలుపెట్టాడు. "ఇదుంటేనే కదే నువ్వు లేచేది," అనేవాడు, ప్రేమగానే. అందులో ప్రేమెంతో ఆకలెంతో ఆవిడ కొలిచి చూడలేదు. మాత్రతో పాటు ఆకలి పెరిగింది, మొహం గుండ్రమైంది, నడుము నిండింది.

అదీ కొలవలేదు. ఏ బట్ట కుట్టినా కుట్టుకి లోపల రెండు వేళ్ల వెడల్పు గుడ్డ వదలడం ఆవిడ పద్ధతి. గౌను బిగిసినప్పుడల్లా పాత కుట్టు విప్పి, అర అంగుళం వదులు చేసి, మళ్లీ కుట్టుకునేది. పైకి ఎవరూ పట్టుకోలేనంత నేర్పుగా. పేటలో ఆడవాళ్లందరి నడుములూ ఆవిడకి నోటికొచ్చు, తన నడుము తప్ప.

పోయిన నెల దుకాణం మెట్లెక్కుతుంటే రొమ్ము మీద ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టినట్టయింది. "గ్యాసు," అన్నాడు ఆయన. "ఒళ్లు," అంది అత్తగారు. పరీక్షలు చేయించుకోమని దుకాణానికొచ్చే నర్సు చెప్పాల్సి వచ్చింది.

మధ్యాహ్నం ఆస్పత్రిలో డాక్టరమ్మ ముందుగా ఆవిడ నడుము చుట్టూ టేపు వేసింది. "నలభై నాలుగు."

"టేపు వంకర పోయిందండీ," అంది టైలరమ్మ, ఉండబట్టలేక.

డాక్టరమ్మ సరిచేసి చూసింది. నలభై నాలుగున్నర. తరువాత పరీక్షల కాగితాలు తిరగేసింది.

"గుండెకి రక్తం తీసుకెళ్లే గొట్టం ఒకటి సన్నబడిందమ్మా. మీ కీళ్లని తినే వాపే ఆ గొట్టాలనీ తింటుంది. దానికి ఈ బరువు తోడు. ఈ తెల్ల మాత్ర ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు?"

"ఆరు వారాలకి రాశారండీ."

"అడిగింది అది కాదు."

"నాలుగేళ్లు."

డాక్టరమ్మ కొత్త చీటీ రాస్తూ అంది: "ఒక్కసారిగా మానకూడదు, ప్రమాదం. నేను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. కీళ్ల మందు మారుస్తున్నాను, గుండెకి వేరే మందులు ఇస్తున్నాను. తిండి తగ్గాలి, రోజూ మెల్లగా నడవాలి. కొన్ని నెలలు పొద్దుటిపూట వేళ్లు మొండికేస్తాయి. ఓర్చుకోగలరా?"

"నేను ఓర్చుకుంటాను. ఇంట్లోవాళ్ల సంగతి నాకు తెలీదు."

సాయంత్రం దుకాణంలో గౌను పక్క కుట్టు తిరగేసి చూసుకుంది. లోపల ఒక నూలుపోగంత గుడ్డ కూడా మిగల్లేదు.

రాత్రి భోజనాల దగ్గర ఆయన రెండోసారి వడ్డించుకుంటుండగా కొత్త చీటీ బల్ల మీద పెట్టి, గుండె గొట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది.

"తెల్ల మాత్ర తగ్గించేస్తున్నాను. పాత చీటీ చింపేశాను. రేపట్నుంచి తొమ్మిదింటిదాకా నా వేళ్లు కదలవు. కదిలినా, ఆ వేళకి నేను నడకలో ఉంటాను. పొద్దుటి వంట ఇక నాది కాదు."

అత్తగారు మెల్లగా అడిగింది.

"అయితే రేప్పొద్దున్న వాడేం తింటాడే?"