ఏమీ చూడని కన్ను

నేను ఒక ఎక్స్-రే డిటెక్టర్‌ను. అంతరిక్షానికి పోవడానికి పుట్టి, బెంగుళూరు దాటని వాణ్ణి.

నన్నూ తమ్ముణ్ణీ ఒకే తీరున చేశారు. ఒకడు ఉపగ్రహంలో ఎగరాలి, రెండోవాడు అవసరానికి పడి ఉండాలి. మొదట ఎంపికైంది నేనే. ఇంతలో ఆయుధ పూజ వచ్చింది. ధూళి చొరబడకూడదని తలకు టోపీ, మూతికి గుడ్డ కట్టుకుని పనిచేసే మా ఇంజినీరు భాస్కరయ్యగారు ఆ రోజు నా పెట్టెకు భక్తిగా కుంకుమబొట్టు పెట్టారు. మర్నాడు మూత తీస్తుంటే ఆ కుంకుమ రవ్వ ఒకటి నా ముఖాన రాలింది. తుడిచారు గానీ మళ్ళీ నమ్మలేదు. తమ్ముడు ఎగిరాడు, నేను బీరువాకెక్కాను.

తమ్ముడు పైనుంచి దగ్గరి గెలాక్సీలను చూసేవాడు. దగ్గరంటే వెలుగు కోటి ఏళ్ళు నడిచేంత. మనుషుల లెక్క అది. వాటిలో బ్లాక్ హోల్స్ వెతకడం వాడి పని. బ్లాక్ హోల్ కనబడదు. అందులో పడబోయే వాయువు మాత్రం కాగిపోయి ఎక్స్-కిరణాలు చిమ్ముతుంది. పడేవాడి కేకను బట్టి అక్కడో నుయ్యుందని తెలుసుకోవడమన్నమాట.

రుఖియా అనే పరిశోధక విద్యార్థిని వాడి చూపులో అలాంటి కేక ఒకటి పట్టుకుంది. ఒక చుక్క భగ్గుమని వెలిగి, మళ్ళీ తగ్గుతోంది. పీహెచ్‌డీ అంతా దాని మీదే కట్టుకుంది. తీరా పరీక్షకులు ఒక ప్రశ్న వేశారు: ఉపగ్రహం భూమి నీడలోంచి ఎండలోకి వచ్చినప్పుడల్లా డిటెక్టర్ వేడెక్కి లేని వెలుగు చూపుతోందేమో? అదే నిజమైతే ఆమె ఏళ్ళ కష్టం గంగపాలు. పైనున్నవాణ్ణి దింపి అడగలేరు. కనుక బీరువాలోంచి నన్ను తీశారు.

గాలీ వెలుతురూ లేని డబ్బాలో పెట్టి నన్ను కాచారు, చల్లార్చారు. నేనూ లేని వెలుగు చూపితే తమ్ముడిది భ్రమ. నిజం చెప్పొద్దూ, వాడిది భ్రమే కావాలని కోరుకున్నాను. ఎంతైనా నా చోట ఎగిరినవాడు. కానీ ఆ పిల్ల పొద్దుటినుంచి ఏమీ తినకుండా డబ్బా పక్కనే నిలబడి ఉంది. జాలేసింది. జాలిపడీ లాభం లేదు. సిలికాన్ ముక్కకు అబద్ధమాడే తెలివి లేదు.

"చూడమ్మా, తెర మీద గీత కదల్లేదు. వీడికేం కనపళ్ళేదు," అన్నారు భాస్కరయ్యగారు.

"ఇంకోసారి కాచి చూద్దాం సార్."

కాచారు. అప్పుడూ అంతే.

"ఇంకేందమ్మా నీ అనుమానం? వేడి వల్ల కాదు, పైన ఉండేది నిజమే. పోయి అన్నం తిను."

ఆమె కదల్లేదు. డబ్బా మీద చెయ్యి వేసి, "ఏమీ లేదు సార్, ఏమీ లేదు," అంటూ ఏడుస్తూనే నవ్వింది. తమ్ముడు ఎన్ని గెలాక్సీలైనా చూడనీ. ఏమీ చూడనందుకు ఇంత మెచ్చుకోలు వాడికి ఏ జన్మకూ దొరకదు.