నాన్న చెమట

పాలపొడి ఫ్యాక్టరీలో బస్తాలు కుట్టే మనిషి ఇంటికి రాగానే గుమ్మం బయటే చొక్కా విప్పి విడి బకెట్లో పడేస్తాడు. పెరట్లో రెండుసార్లు ఒళ్లు రుద్దుకుని, తుడుచుకుని, మళ్లీ తడి పుట్టకముందే గబగబా లోపలికొచ్చి ఫ్యాన్ కింద కూర్చుంటాడు. ఆరేళ్ల కూతురు గదికి ఆ చివర. పిల్లకి పాలు పడవు. చుక్క తగిలినా ఒళ్లంతా దద్దుర్లు, ఆపైన ఊపిరాడదు. ఆయనకేమో పట్టే చెమటే పాలు.

ఏళ్ల తరబడి మనిషిని పాలపొడిలో ముంచి ఉంచితే ఇంకేం కారుతుంది? ముక్కుకు కట్టుకునే గుడ్డలు కూడా తనిఖీ రోజునే ఇచ్చేవాళ్లు, పాపాత్ములు. వీధిలో ఎవరూ దీన్ని పట్టించుకోలేదు. ఎండల్లో పిల్లులు ఆయన వెంటపడుతుంటే పక్కింటి దర్జీ, బావా మాకూ ఓ అరలీటరు పోసిపో అని ఆటపట్టించేవాడు. ఆయనా నవ్వేవాడు. కూతురు పుట్టాక ఆ నవ్వు పోయింది.

ఒకరోజు కుళాయి నీళ్లు రాలేదు. ఉన్న కాసిని నీళ్లు పారబోయడానికి మనసొప్పక, ఆయన తల్లి మనవరాలి గౌను కూడా ఆ విడి బకెట్లోనే జాడించి ఆరేసింది. మర్నాడు బడికి ఆ గౌనే తొడిగారు. వీధి మలుపు తిరక్కుండానే పిల్ల మెడ వాచింది, పెదాలు నీలమయ్యాయి. ఆయన భార్య పిల్లని భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. ఆయనా పరిగెత్తాడు, వాళ్లని అందుకోకుండా చూసుకుంటూ. పరిగెత్తేకొద్దీ చెమట. చెమట పట్టేకొద్దీ ఇంకాస్త వెనక్కి. బస్తాలెత్తే చేతులు, బిడ్డని ఎత్తుకోడానికి పనికిరాకపోయాయి.

పిల్ల బతికింది. తగలకూడనివేమిటో డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది: పెరుగు, వెన్న, చీజ్, బిస్కెట్లు, నాన్న.

ముసలావిడ ఆసుపత్రి వరండాలో కూలబడింది.

"నన్ను తిట్టరా. ఒక్క మాటైనా తిట్టు."

"నిన్నెందుకమ్మా తిట్టడం? బకెట్లో ఉన్నది నేనేగా."

వారం తిరక్కుండా ఆయన పని మానేశాడు. పాలు కారడం మాత్రం మానలేదు. సబ్బులు మార్చాడు, మందులు మింగాడు, ఎవరేం చెబితే అది చేశాడు. ఆఖరికి దర్జీయే వచ్చి, ఐసు ఫ్యాక్టరీ చలిగదిలో మనిషి కావాలట, జీతం సగమేనట, కానీ ఆ చలికి ఏనుక్కైనా చెమట పట్టదు బావా అన్నాడు. పద్దెనిమిదేళ్ల పనితనం వదిలేసి ఆయన ఐసు దిమ్మల మధ్యకి పోయాడు.

మొదటి ఆదివారం తల్లి పిల్లకి రెండు స్వెట్టర్లు తొడిగి అక్కడికి తీసుకెళ్లింది. ఆయన అప్పటికే ఒళ్లు కడుక్కుని, పని ఆపి, కదలకుండా నిలబడి ఉన్నాడు.

"పట్టుకోనా నాన్నా?"

ఆయన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఆరింది. పట్టుకో."

పుట్టాక అదే మొదటిసారి. చెయ్యి కొయ్యలా, చల్లగా ఉంది. పళ్లు టకటకమంటున్నా పిల్ల వదల్లేదు. బళ్లో ఎవరు ఎవర్ని గిల్లారో చెబుతూ పోయింది. ఆయన వింటూ వింటూ నవ్వాడు. సంతోషానికీ ఒళ్లు వేడెక్కుతుందని ఆయనకెవరు చెప్పారు?

నుదుటి మీద తెల్లటి చుక్క ఒకటి పుట్టింది. పిల్లే ముందు చూసింది. చెబుతున్న మాట మధ్యలో ఆపి, మెల్లిగా చెయ్యి వదిలేసింది.